డిక్కీలో రెండో బ్యాటరీ: ఫ్యూజు ఎక్కడ పెట్టాలి, ఎంతది పెట్టాలి?

గాజువాక_బేస్ · శుక్రవారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం. నాది 2016 మోడల్ స్విఫ్ట్ డీజిల్. డిక్కీలో రెండు పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్లున్నాయి (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్లు). వాటికి 1500 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) మోనో ఆంప్, అంటే ఒకే ఛానల్ యాంప్లిఫయర్, డోర్ స్పీకర్లకు నాలుగు ఛానళ్ల ఆంప్, ఛానల్‌కు 75 వాట్లు. సౌండ్ కొంచెం పెంచితే చాలు, డప్పు దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. ఆంప్ దగ్గర మీటర్ పెట్టి చూస్తే ఇంజన్ ఆన్‌లో ఉన్నా 11.4 వోల్టులకు పడిపోతోంది.

షాపులో అడిగితే డిక్కీలో ఇంకో బ్యాటరీ పెట్టేద్దాం అన్నారు. ముందు బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు, అక్కణ్ణుంచి వెనక బ్యాటరీకి తిన్నగా వైరు, దాన్నుంచి ఆంప్‌లకు వైర్లు. వెనక ఫ్యూజు అక్కర్లేదా అంటే "ముందు ఒకటి ఉందిగా, చాలు" అన్నారు. నాకు ఎక్కడో తేడాగా అనిపించి పని ఆపేసి వచ్చేశాను. తెలిసినవాళ్లు చెప్పండి. ముందున్న ఒక్క ఫ్యూజు నిజంగా సరిపోతుందా?

కంచరపాలెం_ట్రావెల్స్ · శుక్రవారం రాత్రి 10:31

తమ్ముడూ, ఆపి మంచి పని చేశావు. ఇది నాకు జరిగింది. మొత్తం చెప్తాను, ఓపిగ్గా చదువు.

నా పాత బండికి సరిగ్గా నువ్వు చెప్పినట్టే వైరింగ్ చేశారు. ముందు ఒక ఫ్యూజు, డిక్కీలో రెండో బ్యాటరీ, దాని దగ్గర ఏమీ లేదు. ఏడాది పాటు బ్రహ్మాండంగా పాడింది. ఒకరోజు అరకు నుంచి వస్తున్నాం, ఇంటావిడ, పిల్లలు కూడా ఉన్నారు. ఘాట్ దిగి ఎస్.కోట దాటాక పాట ఠక్కున ఆగిపోయింది. రెండు నిమిషాల్లో రబ్బరు కాలిన వాసన. బండి పక్కన ఆపి అందరినీ దింపేశాను. బోనెట్ ఎత్తి చూస్తే ఫ్యూజు కొట్టేసి ఉంది. సరే, ఫ్యూజు దాని పని అది చేసింది, ఇక భయం లేదనుకున్నాను. అయినా ముందు బ్యాటరీ నెగటివ్ కూడా పీకేశాను.

పొగ ఆగలేదు. పెరిగింది. డ్రైవర్ సీటు కింద కార్పెట్ లోంచి వస్తోంది. ముందు బ్యాటరీ పీకేశాక ఇంకా ఎందుకు కాలుతోందో నాకు అర్థం కాలేదు. వెనక బ్యాటరీ గుర్తొచ్చేసరికి ఒక నిమిషం పోయింది. డిక్కీ నిండా సామాన్లు. అవన్నీ రోడ్డు మీదికి విసిరి, పది నంబరు స్పానర్‌తో టెర్మినల్ విప్పేసరికి చేతులు వణుకుతున్నాయి. అప్పటికి సీటు ఫోమ్ అంటుకుంది. బండిలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది కాబట్టి బతికిపోయాం.

తర్వాత విప్పి చూస్తే సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టా వైరు తొడుగును రోజూ కొంచెం కొంచెం కోసేసింది. రాగి బయటపడి బాడీకి తగిలింది. ముందు నుంచి వచ్చే కరెంటు ఫ్యూజు ఆపింది. వెనక నుంచి వచ్చేదాన్ని ఆపడానికి అక్కడ ఏమీ లేదు.

యార్డ్_ఎలక్ట్రీషియన్ · శనివారం ఉదయం 6:15

నేను ముప్పై ఏళ్లు ఓడల్లో వైరింగ్ చేసి రిటైరైన మనిషిని. కంచరపాలెం బాబు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. దేవుడి దయ, అందరూ క్షేమంగా ఉన్నారు.

గాజువాక బాబూ, ఫ్యూజు ఉండేది ఆంప్ కోసం కాదు, వైరు కోసం. ఆంప్‌కు దాని ఫ్యూజులు దాని ఒంటి మీదే ఉంటాయి. బ్యాటరీ నుంచి బయల్దేరిన వైరు దారిలో ఎక్కడ బాడీకి తగిలినా, అది కాలకముందే తెగిపోవడానికి ఫ్యూజు పెడతాం. మరి నీ వైరుకు రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది. అంటే మధ్యలో ఎక్కడ తగిలినా రెండు వైపుల నుంచీ కరెంటు వచ్చి పడుతుంది. కాబట్టి రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి. ఒక్కో ఫ్యూజు దాని బ్యాటరీ పాజిటివ్‌కు 18 అంగుళాల లోపల, అంటే మూరెడు దూరంలో ఉండాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ముక్కను కాపాడేది ఏదీ ఉండదు కాబట్టి దానికి అదనపు తొడుగు వెయ్యాలి.

లెక్క కూడా చెప్తాను. మంచి బ్యాటరీ నేరుగా షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్లు సులువుగా ఇస్తుంది. 35 స్క్వేర్ ఎంఎం (తీగ అడ్డుకోత వైశాల్యం, అంటే లావు) రాగి తీగకు మీటరుకు సుమారు అర మిల్లీ ఓమ్ నిరోధం. వెయ్యి ఆంపియర్లు పోతే మీటరు మీటరుకూ 500 వాట్ల వేడి. ఇస్త్రీ పెట్టె వేడిలో సగం, కార్పెట్ కింద, మీటరు పొడవునా. కంచరపాలెం బాబు సీటు ఎందుకు అంటుకుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకో మాట. బ్యాటరీ కొనే ముందు ఒక పని చెయ్యి. పాట అదే స్థాయిలో పెట్టి, ముందు బ్యాటరీ టెర్మినళ్ల మీద ఎంత వోల్టేజీ ఉంది, అదే సమయంలో ఆంప్ దగ్గర ఎంత ఉంది, రెండూ కొలిచి రాయి. రోగం తెలియకుండా మందు వద్దు.

మధురవాడ_హ్యాచ్‌బ్యాక్ · శనివారం ఉదయం 8:40

అన్నా, మధ్యలో వస్తున్నాను, క్షమించండి. రెండో బ్యాటరీగా ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ డిక్కీలో పెట్టొచ్చా? హుద్‌హుద్ తుపాను తర్వాత కొన్న ఇన్వర్టర్ మా ఇంట్లో ఉంది. మొన్న దానికి కొత్త బ్యాటరీ తీసుకున్నాం. పాతది ఖాళీగా పడి ఉంది.

యార్డ్_ఎలక్ట్రీషియన్ · శనివారం ఉదయం 9:05

వద్దు నాయనా. దయచేసి వద్దు. అది నీళ్లు పోసే బ్యాటరీ. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో నూటికి నాలుగు వంతులు హైడ్రోజన్ చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. హ్యాచ్‌బ్యాక్ డిక్కీ అంటే మనుషులు కూర్చునే గదిలో భాగమే. పైగా అది యాభై కిలోలు దాటుతుంది, బ్రేక్ వేస్తే ఎక్కడికి వస్తుందో ఆలోచించు. ఆ రకం బ్యాటరీని గంటల తరబడి నెమ్మదిగా కరెంటు ఇవ్వడానికి చేస్తారు, బేస్ దెబ్బకు వంద ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వడానికి కాదు. కారు లోపల పెట్టాలంటే సీల్ చేసిన ఏజీఎం రకమే (ఆమ్లం గాజు పీచులో ఇంకి ఉండేది) పెట్టాలి. అదీ బాడీకి బోల్టులు వేసిన ఇనప ట్రేలో, పైన పట్టీతో, టెర్మినళ్లకు మూతలతో.

వాడేసిన బ్యాటరీని కొత్తదానితో కలపడం కూడా తప్పే. పాతది కొత్తదాన్ని రాత్రంతా తాగేస్తూ ఉంటుంది.

గాజువాక_బేస్ · శనివారం సాయంత్రం 5:20

కొలిచాను గురువుగారూ. మా తమ్ముడు ముందు, నేను వెనక నిలబడి ఒకేసారి చూశాం. బేస్ పడినప్పుడు ముందు బ్యాటరీ దగ్గర 12.6, ఆంప్ దగ్గర 11.4. అంటే 1.2 వోల్టులు దారిలోనే పోతున్నాయి! వైరు మీద 4 గేజ్ (లావు నంబరు) అని ఉంది. కొస కొంచెం ఒలిచి బ్లేడుతో గీరితే పైన రాగి రంగు, లోపల తెల్లగా మెరిసింది.

ఆటోనగర్_క్రింపింగ్ · శనివారం సాయంత్రం 6:02

లోపల తెల్లగా ఉందంటే అల్యూమినియం మీద రాగి పూత. సీసీఏ అంటాం. అసలు రాగితో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే కరెంటు మోస్తుంది. నా దగ్గరికి వచ్చే కిట్లలో సగానికి సగం ఇవే.

లెక్క నేను వేస్తాను. 1500 వాట్ల క్లాస్ డి ఆంప్ నూటికి 80 వంతులు పనిచేస్తుందనుకుంటే బ్యాటరీ నుంచి 1875 వాట్లు లాగాలి. 13.5 వోల్టుల దగ్గర అది దాదాపు 139 ఆంపియర్లు. రెండో ఆంప్ ఇంకో 35 దాకా. మొత్తం 170 పైచిలుకు, అయితే ఫుల్ దెబ్బ పడిన క్షణంలో మాత్రమే. పాట మొత్తం మీద సగటు అందులో మూడో వంతు ఉంటుందేమో. ఇక వైరు: ముందు నుంచి వెనక్కి 5 మీటర్లు. అసలు 4 గేజ్ రాగి అయితే 140 ఆంపియర్లకు 0.57 వోల్టు పోతుంది. నీ సీసీఏలో దాదాపు 0.9 పోతుంది. మిగతాది ఫ్యూజు హోల్డర్‌లో, ఎర్త్‌లో (నెగటివ్ వైరు బాడీకి బిగించిన చోట) పోతూ ఉంటుంది. అదే 50 స్క్వేర్ ఎంఎం రాగి వేస్తే పోయేది పావు వోల్టు.

షాపులో గేజ్ నంబరు చూసి కొనకు, స్క్వేర్ ఎంఎం అడుగు. మనకు ఆటోనగర్‌లో వెల్డింగ్ కేబుల్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. అసలు రాగి, సన్న పోగులు, బాగా వంగుతుంది. ఒక్క ఇబ్బంది, కొన్నిటి తొడుగు డీజిల్, ఇంజన్ వేడి తట్టుకోదు. బోనెట్ లోపల భాగానికి పైన ఇంకో గొట్టం తొడగాలి.

ఎంవీపీ_సంగీతం · శనివారం రాత్రి 7:15

బ్యాటరీ బదులు కెపాసిటర్ పెడితే పోదా? ఒక ఫారడ్ కెపాసిటర్లు డిజిటల్ మీటర్‌తో సహా వస్తున్నాయి కదా.

ఆటోనగర్_క్రింపింగ్ · శనివారం రాత్రి 7:40

14 వోల్టుల నుంచి 12కు పడేలోగా ఒక ఫారడ్ ఇచ్చేది 26 జౌళ్లు. ఈ ఆంప్ 1900 వాట్లు లాగితే అది సెకనులో 70వ వంతు సేపు వస్తుంది. ఒక్క డప్పు దెబ్బ కూడా దానికంటే ఎక్కువసేపు ఉంటుంది. ఆ డబ్బు వైరు మీద పెట్టండి.

యార్డ్_ఎలక్ట్రీషియన్ · ఆదివారం ఉదయం 6:30

గాజువాక బాబూ, ముందు బ్యాటరీ దగ్గరే 12.6 అంటే ఆల్టర్నేటర్ కూడా అందుకోలేకపోతోంది. బ్యాటరీ కరెంటును పుట్టించదు, దాచిపెడుతుంది. పుట్టించేది ఆల్టర్నేటర్ ఒక్కటే. రెండో బ్యాటరీ దెబ్బ పడిన క్షణంలో ఆదుకుంటుంది. ఆ బాకీ తర్వాత ఆల్టర్నేటరే తీర్చాలి.

అందుకని నా వరస ఇది. మొదట బోనెట్ లోపల మూడు వైర్లు లావువి వెయ్యి: ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కు, దానికీ ఒక ఫ్యూజుతో, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి. తర్వాత 50 స్క్వేర్ ఎంఎం కేబుల్ వెనక్కి. వైరు దారి తేల్చుకునే ముందే కారు కింద వంగి డీజిల్ గొట్టం ఎటు పోతుందో చూసి, దానికి అవతలి వైపు నుంచి తీసుకెళ్లు. సీటు పట్టాల కిందికి పోనివ్వకు. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు) రంధ్రం దగ్గర రబ్బరు బుష్ లేకుండా ఒక్క రోజు కూడా బండి తియ్యకు.

ముందు బ్యాటరీ దగ్గర 200 ఆంపియర్ల ఏఎన్ఎల్ ఫ్యూజు (బోల్టులతో బిగించే పట్టీ రకం), దాని తర్వాత ఐసొలేటర్ రిలే, కేబుల్, వెనక మళ్లీ 200 ఫ్యూజు, అప్పుడు వెనక బ్యాటరీ. 50 స్క్వేర్ ఎంఎం రాగికి 200 నిశ్చింతగా సరిపోతుంది. వెనక బ్యాటరీ నుంచి ఆంప్‌లకు వెళ్లే ప్రతి వైరుకూ వేరే ఫ్యూజు: మోనో ఆంప్‌కు 35 స్క్వేర్ ఎంఎంతో 150, చిన్న ఆంప్‌కు 10 స్క్వేర్ ఎంఎంతో 50. చాలామంది పొరపాటు ఇక్కడే. లావు వైరుకు పెట్టిన 200 ఫ్యూజు సన్న వైరును కూడా కాపాడుతుందనుకుంటారు. ఆ 200 తెగేలోపు సన్న వైరు ఎర్రగా కాలిపోతుంది.

ఐసొలేటర్ ఎందుకంటే, వోల్టేజీని బట్టి పనిచేసే రిలే సుమారు 13.3 వోల్టులు దాటాక రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, 12.8 దగ్గర విడగొడుతుంది. ఇంజన్ ఆపి పాటలు విన్నా ముందు బ్యాటరీ భద్రం. ఇంకో లాభం కూడా ఉంది. నీది డీజిల్. స్టార్టర్ వందల ఆంపియర్లు లాగుతుంది. రెండు బ్యాటరీలు ఎప్పుడూ కలిసే ఉంటే వెనక బ్యాటరీ కూడా ఆ కేబుల్ గుండా స్టార్టర్‌కు కరెంటు పంపబోతుంది. ఆ దెబ్బలు రోజూ తిని తిని 200 ఫ్యూజు ఒకరోజు పోతుంది. రిలే నిలకడగా 200 ఆంపియర్లు మోసేది కావాలి. హారన్‌కు వాడే 40 ఆంపియర్ల రిలే పనికిరాదు.

పెందుర్తి_కొత్తకారు · ఆదివారం ఉదయం 10:12

గురువుగారూ, నాది బీఎస్6 బండి. బ్యాటరీ నెగటివ్ మీద చిన్న డబ్బా లాంటిది, దానికి సన్న వైరు ఉంది. నాకూ ఇదే పద్ధతి సరిపోతుందా?

ఆటోనగర్_క్రింపింగ్ · ఆదివారం ఉదయం 11:00

సరిపోదండి. అది బ్యాటరీ సెన్సర్. వచ్చే పోయే కరెంటు లెక్కపెట్టి ఆల్టర్నేటర్‌కు చెప్తుంది. మీరు కొత్త ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకు బిగిస్తే ఆ లెక్కలోకి రాదు. బాడీకే బిగించాలి. ఇంకా, అలాంటి కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్ కావాలనే వోల్టేజీ తగ్గిస్తుంది. రిలే కలుస్తూ విడిపోతూ ఉంటుంది. మీకు డీసీ టు డీసీ ఛార్జర్ (ముందు వోల్టేజీ ఎంతున్నా వెనక బ్యాటరీకి తగినట్టు మార్చి ఛార్జ్ చేసేది) మేలు. లిథియం బ్యాటరీ పెట్టాలనుకున్నా అంతే, సీసం బ్యాటరీతో నేరుగా కలపకూడదు.

మోడరేటర్ · ఆదివారం మధ్యాహ్నం 2:30

చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి. ఒక్క మనవి: బీచ్ రోడ్డులో రాత్రి పరీక్షలు చేసేవాళ్లు 10 నుంచి ఉదయం 6 వరకు బయట పెద్ద శబ్దం పెట్టడం నిషేధమని గుర్తుంచుకోండి. బీమా కంపెనీకి వైరింగ్ మార్పు ముందే రాసి తెలియజేయండి.

కంచరపాలెం_ట్రావెల్స్ · ఆదివారం రాత్రి 9:10

తమ్ముడూ, ఫ్యూజు కొనేటప్పుడు కూడా జాగ్రత్త. మా బండి కాలాక నేను రెండు రకాలు తెచ్చి విప్పి చూశాను. రెండింటి మీదా 100 అనే ఉంది. చవకదాని పట్టీ రెండో దానికంటే దాదాపు రెట్టింపు మందం. అది 100 దగ్గర తెగుతుందని నేను నమ్మను. రుషికొండ వెళ్లి ఇంజన్ ఆపి గంటల కొద్దీ వినాలనుకుంటే అది కూడా లెక్క చూసుకో. 65 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడతావనుకుందాం, సగటున 40 ఆంపియర్లు లాగితే ముప్పావు గంటలో అయిపోతుంది. ఇంటికొచ్చే ప్రయాణంలో అది తిరిగి నిండదు.

ఆటోనగర్_క్రింపింగ్ · ఆదివారం రాత్రి 9:45

నా పని గురించి కొంచెం. లగ్గు (కేబుల్ కొసకు తొడిగే బోల్టు రంధ్రమున్న టెర్మినల్) బిగించేది సుత్తితో కొట్టి కాదు. హైడ్రాలిక్ క్రింపర్‌తో ఆ సైజు డై (అచ్చు) పెట్టి నొక్కాలి. నొక్కాక లోపల పోగుల మధ్య గాలి ఉండకూడదు. మన వైజాగ్‌లో ఇది ఇంకా ముఖ్యం. బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంట్లలో ఉండే బండ్ల లగ్గులు ఆరు నెలల్లో పచ్చగా చిలుము పట్టి వస్తాయి. ఉప్పు గాలి పోగుల్లోకి దూరి ఒక అడుగు పొడవునా లోపలి దాకా నల్లగా చేసేస్తుంది. తగరం పూసిన రాగి లగ్గు, దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం, పైన పల్చగా వాసెలిన్.

ఎర్త్ దగ్గర కూడా పెయింట్ గీకి మెరిసే ఇనుముకే బిగించు. బిగించాక చుట్టూ మళ్లీ పెయింట్ వెయ్యి, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. సీట్‌బెల్ట్ బోల్టు జోలికి పోకు.

గాజువాక_బేస్ · తర్వాతి ఆదివారం సాయంత్రం 6:40

పని పూర్తయింది. అన్నీ మీరు చెప్పినట్టే చేశాం. ఫ్యూజులు అన్నిటికంటే ఆఖర్న పెట్టాం. అంతకు ముందు రెండు బ్యాటరీలనూ విడివిడిగా ఫుల్ ఛార్జ్ చేశాం. కలిపే ముందు ముందుది 12.65, వెనకది 12.80. సీటు పట్టా పక్కన గొట్టం తొడిగి క్లిప్పులు వేశాను. ఆ ఒక్క చోటే గంట కూర్చున్నాను, కంచరపాలెం అన్న రాసింది కళ్లముందు మెదులుతూనే ఉంది.

ఇప్పుడు అదే పాట, అదే స్థాయిలో: ముందు బ్యాటరీ 13.4, ఆంప్ దగ్గర 12.8. హెడ్‌లైట్లు కదలడం లేదు. కానీ ఒక సందేహం. ఇరవై నిమిషాలు పాడాక వెనక ఫ్యూజు హోల్డర్ చల్లగా ఉంది, ముందుది చెయ్యి పెడితే వేడిగా ఉంది. టెన్షన్‌గా ఉంది.

యార్డ్_ఎలక్ట్రీషియన్ · ఆదివారం సాయంత్రం 7:05

మంచి ప్రశ్న. మీటర్ వోల్టులలో పెట్టి, పాట నడుస్తుండగా హోల్డర్ ఇటు బోల్టు నుంచి అటు బోల్టుకు కొలువు. రెండు హోల్డర్లూ. వంద ఆంపియర్లు పోతున్నప్పుడు 0.1 వోల్టు పడిందంటే ఆ చిన్న డబ్బాలో 10 వాట్ల వేడి పుడుతోందని అర్థం.

గాజువాక_బేస్ · ఆదివారం రాత్రి 8:20

వెనక 0.03. ముందు 0.21. ముందు ఫ్యూజు విప్పితే బోల్టు కింద వాషర్ అడ్డంగా పడి ఉంది, ఫ్యూజు రెక్క సగమే ఆనుతోంది. వాషర్ సరిచేసి, మెరిసేలా గీకి బిగించాను. ఇప్పుడు 0.04. ఆంప్ దగ్గర 13.0 చూపిస్తోంది.

యార్డ్_ఎలక్ట్రీషియన్ · ఆదివారం రాత్రి 8:31

అదీ కారణం. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించి, ఇవే నాలుగు కొలతలు తీసి ఇక్కడ రాయి బాబూ. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి డిక్కీ మూత లోపల అతికించు. వానాకాలం వెళ్లాక చూసుకోవడానికి పనికొస్తుంది.

కంచరపాలెం_ట్రావెల్స్ · ఆదివారం రాత్రి 9:02

తమ్ముడూ, డ్రైవర్ సీటు కింద ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, డిక్కీలో బ్యాటరీ పక్కనే ఒక పది నంబరు స్పానర్. సామాన్ల అడుగున కాదు, చేతికి అందేలా. రేపే పెట్టు.